క్షిపణి రహస్యం సరే, తప్పు కూడా రహస్యమేనా?

2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి ఎవలూ కొట్టమనకుండనే పాకిస్తాన్ల మియాఁ చన్నూ దగ్గర పోయి పడ్డది. రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నయి. పేలుడు మందు లేదు కాబట్టి బతికిపోయినం. సంగతి ముందుగాల చెప్పింది వాళ్ల సైన్యం. 11న మన సర్కారు ‘సాంకేతిక లోపం’ అన్నది. ఆగస్టుల ముగ్గురు వైమానిక దళ అధికారులను కొలువులకెల్లి తీసేసి, పద్ధతి తప్పిన్రన్నది. మరి తప్పు మిషిన్‌దా, మనిషిదా? విచారణ నివేదిక జనానికి చూపలే.

క్షిపణి లోపల ఏముందో నాకు చెప్పొద్దు, అది దాచాల్సిందే. గని మల్ల గట్ల కాకుండ ఏం బందోబస్తు చేసిన్రో, కనీసం పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికన్న తలుపులేసుకొని పూర్తిగ చెప్పాలె. సరిహద్దు ఊర్లల్ల ఉండేటోళ్లూ మనసొంటోళ్లే కదా.