రూమ్ హీటర్ కొంటున్నారా? బాక్స్ మీది చదరపు అడుగుల లెక్క నమ్మొద్దు

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు చలికాలం రాగానే రూమ్ హీటర్ కోసం వెతుకుతారు. "2000 వాట్స్, 200 చదరపు అడుగుల వరకు" అని కనిపిస్తే చాలు, ఆర్డర్ పెట్టేస్తారు. నా దృష్టిలో ఆ చదరపు అడుగుల నంబర్, ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్ నంబర్ లాంటిదే. అదొక్కటే చూసి కొనకూడదు.

హీటర్ పని బయటికి పోతున్న వేడిని భర్తీ చేయడం. ఎంత పోతుందనేది బయటి గోడలు, కిటికీలు, పైకప్పు, తలుపు సందుల మీద ఆధారపడుతుంది.

ఒక లెక్క చూద్దాం. 10x12 గది, ఎత్తు 10 అడుగులు. బయట 8 డిగ్రీలు, లోపల 20 కావాలి. ఒక్కో డిగ్రీ తేడాకి, చదరపు మీటరుకి 9 అంగుళాల ఇటుక గోడ సుమారు 2 వాట్లు, మామూలు కిటికీ అద్దం దాదాపు 6 వాట్లు వదిలేస్తాయి. గది మధ్య అంతస్తులో ఉండి, ఒకే గోడ బయటివైపు ఉంటే గోడకి 220, చిన్న కిటికీకి 100, సందుల్లో మారే గాలికి 130. మొత్తం 450 వాట్లు. అదే గది టాప్ ఫ్లోర్ కార్నర్‌లో ఉంటే? స్లాబుకి 390, రెండో గోడకి ఇంకో 210. మొత్తం 1,050 వాట్లు. గది సైజు మాత్రం అదే!

పక్క గదులు చల్లగా ఉంటాయి, గది త్వరగా వేడెక్కాలి కాబట్టి నేనైతే ఇంకో సగం కలుపుతా. అప్పుడు మొదటి గదికి 1000 వాట్ల హీటర్ చాలు, రెండోదానికి 2000 కావాలి.

ఆయిల్ హీటర్ అయినా, ఫ్యాన్ హీటర్ అయినా 1000 వాట్ల కరెంటుకి వచ్చే వేడి 1000 వాట్లే. సౌకర్యంలో తేడా ఉంటుంది కానీ ఖరీదైనది ఎక్కువ వేడి ఇవ్వదు.

అసలు రిస్క్ వైరింగ్‌తోనే. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. అద్దె గదుల్లో మంచం పక్కనుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకే. దానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి రాత్రంతా నడిపితే ప్లగ్ కరుగుతుంది, మంటలూ రావొచ్చు. 16 ఆంపియర్ల సాకెట్ లేకపోతే 2000 వాట్ల హీటర్ జోలికి పోకండి.

కంపెనీలు చదరపు అడుగులు రాసేటప్పుడు ఏ అంతస్తుకి, ఎన్ని బయటి గోడలకి, ఎంత చలికి అన్నది కూడా రాయాలి. అప్పటిదాకా రివ్యూల కంటే ముందు మీ గోడలు, మీ సాకెట్ చూసుకోండి.