మహిళా సమాజాలకు గడప ఎంత ఎత్తు?

ఆడవారి క్లబ్బు అనగానే పెదవి విరవడం మనలో పలువురికి అలవాటై పోయినది. మగవారు నలుగురు చేరి పేకాడితే అది విశ్రాంతి; ఆడవారు నలుగురు చేరి పాడుకుంటే అది పొద్దుపోని వ్యవహారం. ఈ రెండు రకాల తూనికరాళ్లను ముందు అవతల పారవేయవలె. ఇంటి చాకిరీ నుండి, ఉద్యోగపు బరువు నుండి ఒక గడియ తెరపి చేసుకొని తనవంటివారితో కలిసి నవ్వుకొనే హక్కు స్త్రీకి కలదు. ఆ మాట ఒప్పుకొన్న తరువాతనే, ఆ తీరికను ఆమె సమాజం ఏ పనికి వినియోగిస్తున్నదని అడగడం న్యాయమవుతుంది.

హైదరాబాదుకు పడమటనున్న శేరిలింగంపల్లి ప్రాంతాన్నే తీసుకొందాం. ఒకనాడు చెరువులు, చేలు, రాతిగుట్టలు తప్ప వేరేమీ లేని పల్లెల కూడలి అది. 1992లో శిల్పారామం, 1998లో సైబర్ టవర్సు వెలసిన మీదట దాని రూపురేఖలే మారిపోయినవి. 2007లో అక్కడి పురపాలక సంఘం మహానగరపాలక సంస్థలో కలిసిపోయినది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నల్లగండ్లలలో ఇవాళ అంతస్తు మీద అంతస్తుగా నివాస సముదాయాలు లేచినవి. పెద్ద సముదాయాలలో ఒక క్లబ్ హౌసు, అందులో ఆడవారి బృందం ఒకటి ఉండడం సామాన్యం. సంక్రాంతికి ముగ్గుల పోటీలు, శ్రావణంలో సామూహిక వ్రతాలు, దసరా ముందు బతుకమ్మ, మధ్య మధ్య సంగీత తరగతులు, యోగాభ్యాసం, వంటల పోటీలు, కిట్టీ పార్టీలు – కార్యక్రమాలకు కొదువ లేదు. పక్క వాటా వారి పేరైనా తెలియని నగరజీవితంలో ఈ కలయికలు మనుషులను మనుషులకు పరిచయం చేస్తున్నవి. అది స్వల్పమైన మేలు కాదు.

కాని వీటిలో చాల భాగం చూసి ఆనందించే వేడుకలు. చేసి నేర్చుకొనేవి తక్కువ. బతుకమ్మను అంగడిలో కొని తెచ్చి, పాటను యంత్రానికి అప్పగించి, చుట్టూ తిరగడం వరకే మనవంతు అనుకొంటే పండుగ మిగులుతుంది గాని సంస్కృతి మిగలదు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటున్నది: ఆ వలయంలోకి ఎవరిని రానిస్తున్నాము? పూర్వపు పల్లెలలో అందరూ ఒక్క చోట ఆడుకొన్నారనుకోవడమూ భ్రమయే. దళిత స్త్రీలు వేరుగా, ఊరి అంచున ఆడుకోవలసిన గ్రామాలు అనేకం ఉండినవి. నగరం ఆ గీతను చెరిపివేయవలసింది పోయి, మరొక చోట గీయడం విచారకరం.

మన స్త్రీ సమాజాల పుట్టుపూర్వోత్తరాలు తలచుకొంటే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 1902లో బందరులో బృందావన స్త్రీ సమాజం ఏర్పడినది. దాని స్థాపనలో ముఖ్యురాలు భండారు అచ్చమాంబ. బడికి వెళ్లే భాగ్యం ఆమెకు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుండగా ఆ చదువును తానూ పట్టుకొని, కొన్ని భాషలు నేర్చి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించినది. 1905లో కన్నుమూసేనాటికి ఆమెకు ముప్పదియేండ్ల ప్రాయం. అంత స్వల్పకాలంలోనే ఆమె గ్రహించిన సత్యం ఒకటున్నది: ఒక్క స్త్రీ చదువుకొంటే చాలదు, చదివినామె చుట్టూ పదిమంది కూర్చొనే చోటు కూడా కావలె.

హైదరాబాదు చరిత్రలోనూ ఇట్టి నిదర్శనాలు లేకపోలేదు. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచివేసినప్పుడు సంపన్న కుటుంబపు మహిళ అమీనా హైదరీ బాధితుల సహాయానికి పూనుకొని కైసరె హింద్ పతకం పొందినది. నగరంలోని లేడీ హైదరీ క్లబ్బు పేరులో ఆ కుటుంబనామమే నిలిచి ఉన్నది. 1930 దశకంలో ఇల్లిందల సరస్వతీదేవి, యల్లాప్రగడ సీతాకుమారి మొదలైనవారి పూనికతో ఆంధ్ర యువతీ మండలి ఏర్పడినది. నిజాం రాజ్యంలో తెలుగు స్త్రీకి చదువూ, సభావేదికా రెండూ అరుదుగా ఉన్న రోజులవి. అక్కడ స్త్రీలు తమ భాషలో నిలబడి మాట్లాడగలగడమే ఒక సాహసం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ మరింత ఉపదేశాత్మకం. 1937లో మద్రాసులో ఆమె ఆరంభించిన ఆంధ్ర మహిళా సభ తొలిదశలో చిన్న కూటమియే. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను చేరదీసి బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు తయారుచేయడంతో దానికి ఒక గమ్యం ఏర్పడినది. అది క్రమంగా పాఠశాలలు, కళాశాలలు, వైద్యాలయం నడిపే సంస్థగా ఎదిగి హైదరాబాదుకూ విస్తరించినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయినది. వయసు మీరిన స్త్రీలకు రెండేండ్లలో పాఠశాల చదువు పూర్తిచేయించే సంక్షిప్త విద్యాక్రమాన్ని ఆ మండలి 1958లో దేశమంతటా ప్రారంభించినది. ఆ విద్యాక్రమానికి బీజం ఆ చిన్న కూటమిలోనే ఉన్నది.

ఇక నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి. అక్కడి స్త్రీలు కూడినది క్లబ్బులో కాదు, రాత్రిబడిలో. అక్షరాలు దిద్దుకొంటూ తమ బ్రతుకుల గురించి మాట్లాడుకొన్నారు. ఆ మాటలే 1992లో సారా వ్యతిరేకోద్యమంగా రగిలి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసినవి. పదిమంది స్త్రీలు ఒక్క చోట కూర్చొంటే ఏమవుతుందని అడిగేవారికి ఇంతకంటె వేరే సమాధానం అక్కరలేదు.

ఈ వెలుగులో మళ్లీ శేరిలింగంపల్లికి వత్తాము. అక్కడ ఒకే ద్వారం గుండా ముగ్గురు స్త్రీలు రాకపోకలు సాగిస్తున్నారు. ఒకామె కంప్యూటరు కొలువుకు వెళ్లే ఇల్లాలు. రెండవ ఆమె మనుమలను సాకడానికి ఏ గుంటూరు నుండియో, కరీంనగరు నుండియో వచ్చి, పగలంతా గోడలతో మాట్లాడుకొనే పెద్దావిడ. మూడవ ఆమె పాలమూరు నుండియో, శ్రీకాకుళం నుండియో వచ్చి నాలుగిండ్లలో అంట్లు తోమి, గుడిసెకో, ఇరుకు గదికో తిరిగిపోయే పనిమనిషి. క్లబ్బు ఇవాళ మొదటి ఆమెకు సభ్యత్వమిస్తున్నది. రెండవ ఆమెకు ముందువరుసలో కుర్చీ వేస్తున్నది. మూడవ ఆమెకు చీపురు ఇస్తున్నది. కొన్ని చోట్ల ఆమె ఎక్కవలసిన లిఫ్టు సైతం వేరే.

ఇందుకు సమాధానాలు వినబడుతూనే ఉన్నవి. సభ్యులు రుసుము కట్టి నడుపుకొనే చోటు గదా అంటారు. వారానికొక్క రోజు తలుపు తెరిచినంత మాత్రాన ఎవరి రుసుమూ తరిగిపోదు. ఆమెకు తీరిక ఎక్కడిదంటారు. ఉదయపు పనికీ సాయంకాలపు పనికీ నడుమ మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు ఆమె ఏ మెట్ల కిందనో కూలబడి గడుపుతున్నది. సరిగ్గా ఆ వేళకే క్లబ్బు హాలు తాళం వేసి ఉంటుంది. ఒకరికి చోటు లేదు, మరొక చోట మనిషి లేదు! ఆ గంటలో సంతకం నేర్పవచ్చును. బ్యాంకు కాగితం చదివి చెప్పవచ్చును. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ఇంటి పనివారికీ వర్తిస్తుందని తెలియజెప్పవచ్చును. ఇది దానం కాదు. ఆమె తోమిన గిన్నెల పుణ్యమా అనియే మిగిలినవారికి ఆ సాయంకాలపు తీరిక దొరికినదని మరువరాదు.

పైగా ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకొనేవారు ఒకరు అనుకోవడమూ పొరపాటు. పాలమూరు పనిమనిషి నోట బతుకమ్మ పాటలు, గుంటూరు పెద్దావిడ నోట మంగళహారతులు, దంపుళ్ల పాటలు ఇంకా బ్రతికి ఉన్నవి. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధించి గ్రంథం వెలువరించిన 1950 దశకం నాటికి ఈ పాటల కోసం పల్లెలు తిరుగవలసి ఉండెను. ఇవాళ ఆ పల్లెలే మన మెట్ల కిందికి వచ్చి కూర్చొన్నవి. యంత్రం కట్టివేసి, ఒక్క సాయంకాలం ఆమె పాడగా తక్కినవారు అందుకొంటే, గురువెవరో శిష్యులెవరో ఆ వలయంలోనే తేలిపోతుంది.

ఈ పనిలో ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ పాత్ర కలదు. మీ సముదాయంలోని సమాజానికి మధ్యాహ్నపు తరగతి ఒకటి ప్రతిపాదించండి. సెలవు దినాలలో అక్కడ పలకా బలపం పట్టించే బాధ్యత పై తరగతుల పిల్లలు తీసుకొనవచ్చును. అవ్వల నోటి పాటలు ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించడం ఏ పాఠ్యగ్రంథమూ నేర్పలేని తెలుగు పాఠం. ముగ్గుల పోటీలు జరగనీయండి, వ్రతాలు సాగనీయండి, వాటిని కాదనేవారెవరు? కాని ఏడాది చివర సమాజం తన లెక్క చూసుకొనేటప్పుడు, ఎన్ని ఉత్సవాలు చేసినామన్న అంకెతో పాటు, ఈ యేడు కొత్తగా ఎవరు గడప దాటి లోపలికి వచ్చి మన పక్కన కూర్చొన్నారన్న అంకె కూడా వ్రాసుకోవలె. సమాజమన్న పేరు ఆ రెండవ అంకెతోనే సార్థకమవుతుంది.