వరూధినికి దొరికింది ప్రవరుడు కాదు

“మేడం, మీది యెన్నెఫర్ పార్టీయా, ట్రిస్ పార్టీయా?” అని ఇంటర్ చదివే కుర్రాడొకడు క్లాసు అయ్యాక వరండాలో ఆపి అడిగాడు. నర్సీపట్నంలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే నేను ‘ది విచర్ 3’ అనే వీడియోగేమ్ ఆడతానని వాడికి ఎలాగో తెలిసింది. విశాఖలో ఉద్యోగం చేసే మా తమ్ముడు తన కంప్యూటర్ ఇంట్లో వదిలి వెళ్తే దాంట్లో ఆడాను. యెన్నెఫర్ పార్టీ అని అప్పటికి చెప్పి పంపించాను. ఎందుకో చెప్పాలంటే మనుచరిత్ర కావ్యం దాకా వెళ్లాలి.

అందులో అప్సరస వరూధిని, ప్రవరుడనే గృహస్థుణ్ణి మనసారా కోరింది. కోరిన చోటికి చేర్చే పసరు కాళ్లకు రాసుకుని వచ్చి, అది మంచుకు కరిగిపోయి హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడు ఆమెను అడిగింది ఇంటికి దారి మాత్రమే. ఎంత బతిమాలినా లొంగలేదు. అగ్నిదేవుణ్ణి ప్రార్థించి వెళ్లిపోయాడు. ఆ తరువాత ఆమెకు దొరికినవాడు ప్రవరుడి వేషం వేసుకొచ్చిన గంధర్వుడు, అంతకుముందు తాను కాదన్నవాడే. అయిదు వందల ఏళ్ల కిందట పెద్దన రాసిన ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు వరూధిని మీద జాలిపడతారు. నాకు మాత్రం ఆ మాయాప్రవరుణ్ణి చూస్తే భయం వేస్తుంది. మన కోరికకు సరిపడా తయారై వచ్చిన మనిషి. వీడియోగేముల్లో ప్రేమ చాలావరకు ఈ మాయాప్రవరుడి ప్రేమే.

2016లో వచ్చిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ సంగతి చూడండి. ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన ఆట. అందులో సేద్యం, చేపలు పట్టడం, ఊరి పండుగలు అన్నీ నాకు ఇష్టమే. పెళ్లి దగ్గరకొచ్చేసరికి లెక్కలు మొదలవుతాయి. ఒక్కొక్కరికి వారానికి 2 కానుకలు ఇవ్వొచ్చు. నచ్చిన వస్తువు ఇస్తే మార్కులు ఎక్కువ. 8 హృదయాలు నిండితే పూలగుత్తి, 10 నిండితే పెళ్లి ప్రస్తావన. ఓపిగ్గా ఇచ్చుకుంటూ పోతే కాదనేవాళ్లు ఉండరు. అవతలివాళ్లకు మనలో ఏం నచ్చిందో మాత్రం తెలియదు.

విచర్ ఆటలు తయారుచేసే పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ కూడా మొదట ఇంతకంటే కిందిస్థాయిలోనే ఉండేది. ఆండ్రెజ్ సప్కోవ్‌స్కీ నవలల్లోని గెరాల్ట్ అనే రాక్షసవేటగాణ్ణి నాయకుణ్ణి చేసి 2007లో మొదటి ఆట తెచ్చారు. అందులో గెరాల్ట్ ఏ స్త్రీతో గడిపినా ఆటగాడికి ఆమె బొమ్మ ఉన్న కార్డు ఒకటి దక్కుతుంది. ఆడమనిషి అంటే పోగేసుకునే కార్డు అన్నమాట. అదే సంస్థ 2015లో మూడో ఆట తెచ్చేసరికి ఎంత మారిందో చూస్తే నాకు గౌరవం కలిగింది.

మూడో ఆటలో యెన్నెఫర్ అనే మాంత్రికురాలు ఉంది. గెరాల్ట్‌కూ ఆమెకూ పాత బంధం. ఎప్పుడో ఆమె ప్రాణం కాపాడటానికి ఒక జిన్నును అతడు కోరిన కోరిక వాళ్లిద్దరి తలరాతలనూ ముడివేసింది. ఇన్నేళ్ల తరువాత యెన్నెఫర్‌కు ఒక సందేహం పట్టుకుంటుంది. ఈ ప్రేమ నాదా, ఆ జిన్నుదా? తేల్చుకోవడానికి ఇంకో జిన్నును వెతుకుతూ గెరాల్ట్‌ను వెంటబెట్టుకుని సముద్రంలోకి వెళ్తుంది. మునిగిన ఓడను గాలిస్తారు. మిగతా సగం ఓడ కొండశిఖరం మీద మంచులో పడి ఉంటుంది. అక్కడ జిన్నుతో పోరాడి ఆ మంత్రాన్ని తెంపించుకుంటుంది. తరువాత ఇద్దరూ ఆ ఓడ శిథిలాల మీద కూర్చున్నప్పుడు, తన మనసులో ఏ మార్పూ లేదని చెబుతుంది. అప్పుడు వంతు మనది. నాకూ అంతే అనవచ్చు, నాలో ఆ మాయ పోయింది అని కూడా అనవచ్చు.

ఎన్నో ప్రేమకథలు చదివాను, పాఠాలు చెప్పాను. తన ప్రేమ మాయో నిజమో పరీక్షించుకుందామని ముందుకొచ్చిన నాయికను ఇంత స్పష్టంగా నేను మరెక్కడా చూడలేదు. వరూధిని అడగని ప్రశ్న యెన్నెఫర్ అడిగింది. పోయింది అని మనం చెప్పినా ఆమె కాళ్లావేళ్లా పడదు. బాధపడుతుంది, కానీ గెరాల్ట్ పెంపుడు కూతురు సిరిని వెతికే పనిలో మనతోనే ఉంటుంది. ఆమెది పెళుసు నోరు. ఎవరి అనుమతీ అడగదు, ఒక్కోసారి అన్యాయం కూడా చేస్తుంది. ఆటగాడి మెప్పు కోసం మలిచిన మనిషి కాదు కాబట్టే నాది ఆమె పార్టీ.

గెరాల్ట్ ఎంచుకోగల రెండో మాంత్రికురాలు ట్రిస్‌ను తక్కువ చేయడం లేదు. మంత్రగాళ్లను సజీవదహనం చేస్తున్న నొవిగ్రాడ్ నగరం నుంచి తోటివాళ్లను ఓడలో దాటించే మనిషి ఆమె. రేవులో ఆమెను ఆపాలంటే ప్రేమిస్తున్నానని నోరు తెరిచి చెప్పాలి. ఇద్దరికీ ఆ మాట చెప్పి ఇద్దరినీ ఉంచుకోవాలని చూస్తే మాత్రం, యెన్నెఫర్, ట్రిస్ ఒకటై గెరాల్ట్‌ను మంచానికి కట్టేసి వెళ్లిపోతారు. ఆఖరికి ఇద్దరూ దక్కరు. 2007లో కార్డులు పంచిన సంస్థ ఎనిమిదేళ్లకు రాసిన ఘట్టం ఇది. అయితే స్త్రీల ఒంటిమీద తచ్చాడే కెమెరా మాత్రం మూడో ఆటలోనూ పోలేదు. ఒక ఆడదానిగా అది నాకు రుచించలేదు, ఆ కథకు అది అవసరమూ కాదు.

సిరి విషయంలో ఈ ఆట ఇంకా లోతుకు పోయింది. కథ ముగింపు చాలావరకు మన కత్తి నేర్పు మీద ఆధారపడదు. ఆమె కుంగిపోయినప్పుడు మంచు ఉండలతో ఆడుకున్నామా, మాంత్రికుల పెద్దలతో ఆమెను ఒంటరిగా మాట్లాడుకోనిచ్చామా లేక వెంటపడ్డామా, తనను కాపాడి చనిపోయినవాడి సమాధి చూస్తానంటే తీసుకెళ్లామా. ఇలాంటి చిన్న చిన్న ఘట్టాల మీదే కథ చివర ఆమె ప్రాణాలతో తిరిగొస్తుందా లేదా అన్నది తేలుతుంది. ఈడొచ్చిన కూతురున్న ప్రతి ఇంట్లోనూ ఇవే ప్రశ్నలు.

ఇక 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడంప్షన్ 2’. కథాకాలం 1899, అమెరికా. దొంగలముఠాలోని ఆర్థర్ మోర్గాన్‌కు, ఒకప్పుడు ప్రేమించిన మేరీ ఉత్తరాలు రాస్తుంది. ఇద్దరూ కలిసి నాటకశాలకు వెళ్తారు. నాతో వచ్చేయమని ఆమె అడుగుతుంది. వస్తాను, ముందు కొంచెం డబ్బు చూసుకోవాలి అంటాడు. ఆ తరువాత ఆమె ఉంగరం తిప్పి పంపుతుంది. ఆర్థర్‌ను ఆమెతో పంపించే దారి ఆటగాడికి లేదు. తుపాకీ, గుర్రం, ఊళ్లు అన్నీ మన చేతిలో పెట్టి ఆ ఒక్కటీ పెట్టలేదు. నాకు కోపం వచ్చింది. ఆలోచిస్తే వాళ్లు చేసిందే న్యాయం. అతను అలాంటివాడే, ఆమె అలాంటిదే.

ఇదంతా మా ఊళ్లో కూర్చుని ఎందుకు చెబుతున్నానంటే, పూరి జగన్నాథ్ మా ప్రాంతం నుంచి వెళ్లిన దర్శకుడు. 2002లో ఆయన తీసిన ‘ఇడియట్’లో కానిస్టేబుల్ కొడుకు కమిషనర్ కూతురి వెంటపడతాడు. ఆమె కాదంటుంది, వెంటపడితే చివరికి ప్రేమిస్తుంది. ఆ సినిమాలో హుషారు ఉంది, పౌరుషం ఉంది, మా ఊరివాళ్లకు అభిమానమూ ఉంది. కానీ అదొక్కటే కాదు, కొన్ని తరాల తెలుగు సినిమా మన కుర్రాళ్లకు నేర్పింది ఆడపిల్ల ‘కాదు’ అంటే సగం ‘అవును’ అనే. నా క్లాసులో వెనక బెంచీల్లో దాని ఫలితం నాకు కనబడుతూనే ఉంటుంది. అందుకే, కాదన్నప్పుడు అది నిజంగా కాదు అయ్యే కథలు ఈ పిల్లల చేతిలో ఉండటం మంచిదని నా అభిప్రాయం. పుస్తకం పట్టనివాడు కూడా ఆట ముందు గంటలు కూర్చుంటాడు.

అయితే చాలామంది కుర్రాళ్లు మాటలు వచ్చినప్పుడు బటన్ నొక్కి యుద్ధంలోకి దూకుతారు. ఇంగ్లిషు మాటలు గబగబా పోతుంటే వాళ్ల తప్పు కూడా కాదు. తెలుగు అక్షరాలు కింద కనబడితే ఎంతమంది ఆగి చదివేవాళ్లో. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలు ఉన్నాయి, మనకు రాసేవాళ్లు ఉన్నారు. తెలుగులో కథ ఉన్న ఆట ఒకటి తయారుచేయండి. అందులో నాయికకు తన సొంత పని, సొంత కోపం, కాదనే హక్కు ఇవ్వండి. మాయాప్రవరుణ్ణి మాత్రం తీసుకురాకండి.