జైలు గేటు దాటాక తుపాకీ ఎవరికి?

అమెరికా జైళ్లలో ఖైదీల మధ్య తిరిగే గార్డు దగ్గర సాధారణంగా తుపాకీ ఉండదు. ఖైదీలు లాక్కుంటే కొంప మునుగుతుంది. తుపాకులుండేది కావలి బురుజుల మీద, బయటి గస్తీ దగ్గర. లోపల వట్టి చేతులతో పనిచేసిన ఆ మనిషే డ్యూటీ దిగాక పిస్టల్ కావాలంటున్నాడు. వినడానికి వింతే కానీ, ఆ కోరికకు కారణముంది.

2013 ఫిబ్రవరి 26న ప్యూర్టోరికోలోని గ్వాయ్‌నాబో ఫెడరల్ జైల్లో పని ముగించుకుని కారులో ఇంటికి వెళ్తున్న లెఫ్టినెంట్ ఒస్వాల్డో అల్బరాటిని దారికాచి కాల్చి చంపారు. జైల్లోకి దొంగచాటుగా చేరే సెల్‌ఫోన్ల మీద ఆయన దర్యాప్తు చేసేవాడు. ఆ రోజు ఆయన దగ్గర తుపాకీ లేదు. చట్టం వద్దందని కాదు. డ్యూటీ గంటల్లో దాన్ని దాచుకునే చోటు లేక ఇలాంటి ఉద్యోగులు చాలామంది ఆయుధాన్ని ఇంట్లోనే వదిలి వచ్చేవారు. ఫెడరల్ జైళ్ల ఆవరణలో లాకర్లైనా పెట్టాలి, కారులో తాళంపెట్టెనైనా అనుమతించాలి అంటూ ఆయన పేరిట చట్టం వచ్చేసరికి 2018 అయింది. ఒక ఇనుప పెట్టె కోసం ఐదేళ్లు!

అసలు చట్టం 2004 నాటిది. లియోసా అని పిలిచే ఈ ఫెడరల్ చట్టం ప్రకారం, అర్హతగల అధికారి గుర్తింపు కార్డు చూపి దేశంలో ఎక్కడైనా తుపాకీని దుస్తుల చాటున వెంట ఉంచుకోవచ్చు. రాష్ట్రాల నిషేధాలు చాలావరకు అడ్డురావు. ప్రభుత్వ భవనాల్లో, ప్రైవేటు స్థలాల్లో మాత్రం స్థానిక ఆంక్షలు చెల్లుతాయి. మనుషులను నిర్బంధంలో ఉంచే పనినీ నిర్వచనంలో చేర్చారు. అయితే చట్టరీత్యా అరెస్టు చేసే అధికారం ఉండాలన్న షరతు పెట్టారు. చిక్కంతా అక్కడే. ఫెడరల్ జైలు సిబ్బందికి ఆ అధికారం ఉంది. రాష్ట్రాల, కౌంటీల జైళ్లకు వచ్చేసరికి ఎక్కడి రాత అక్కడిది. వాషింగ్టన్ నగర జైలు శాఖ తన విశ్రాంత గార్డులకు ఆ అధికారం లేదంటూ ధ్రువపత్రం నిరాకరించింది. వారు దావా వేయవచ్చని 2016లో అప్పీలు కోర్టు తేల్చాల్సి వచ్చింది.

పగబట్టినవాడు గార్డుకు అరెస్టు అధికారం ఉందో లేదో చూసి కాల్చడు. అలాగని అడిగినవారందరికీ తుపాకీ ఇవ్వమనలేం. మానసిక ఒత్తిడి, ఆత్మహత్యల బెడద ఎక్కువగా ఉన్న ఉద్యోగమిది. ఇంట్లో తుపాకీ ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. కాబట్టి కొలబద్ద శిక్షణే కావాలి. కాలిఫోర్నియాలో డ్యూటీ బయట తుపాకీ పట్టాలనుకునే జైలు అధికారి మూడు నెలలకోసారి గురి పరీక్ష నెగ్గాలి. కాంగ్రెస్ అరెస్టు షరతును పక్కనపెట్టి, అలాంటి పరీక్షకు మానసిక ఆరోగ్య తనిఖీని జోడించి దేశమంతటికీ ఒకే నియమం చేయాలి.