మల్లీశ్వరి లావైందని నవ్వినవాళ్ళం

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ బద్ధకించిన విషయం ఇది. మొన్న ఇంట్లో జరిగిన గొడవతో ఇక ఆగలేకపోయాను. ముందే చెప్తున్నా, ఇందులో తిట్లున్నాయి. మొదటి తిట్టు నాకే.

2000 సెప్టెంబరు. వైటూకే హడావుడి సద్దుమణిగిన రోజులు. నేను బెంగుళూరులో కొత్తగా చేరిన ట్రైనీని. క్యాంటీన్లో సిడ్నీ ఒలింపిక్స్ మాటొచ్చింది. "మనకెక్కడొస్తాయిరా పతకాలు" అన్నాడొకడు. నేను ఊరుకోవచ్చు కదా. "ఎందుకు రావు, మల్లీశ్వరి ఉందిగా. ఇడ్లీల పోటీ పెడితే బంగారం మనదే" అన్నాను. టేబులంతా పడీపడీ నవ్వింది.

సెప్టెంబరు 19న ఆవిడ మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికీ దక్కిన ఒకే ఒక్క పతకం. మర్నాడు పొద్దున్నే "తెలుగువాడిగా గర్విస్తున్నా" అని టీమందరికీ మెయిలు కొట్టింది ఎవరనుకున్నారు? నేనే. సిగ్గులేకపోవడం అంటే అదీ.

లావైంది అన్న మాట నేను కనిపెట్టింది కాదు లెండి. సిడ్నీకి ముందు పత్రికలూ అదే పాట పాడాయి. బరువు పెరిగింది, పనైపోయింది అని. 1997లో పెళ్ళయింది కదా, ఇంకేం ఆడుతుందిలే అన్నవాళ్ళూ ఉన్నారు. అప్పటికే ఆవిడ 1994, 1995ల్లో వరసగా రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఖేల్ రత్న వచ్చింది, 1999లో పద్మశ్రీ వచ్చింది. అవేవీ మాకు గుర్తు రాలేదు. ఫోటోలో నడుము మాత్రం కనబడింది.

ఇప్పుడు కాస్త లాజిక్ చూద్దాం. ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆవిడది 54 కిలోల విభాగం. సిడ్నీలో 69 కిలోల విభాగం. ఈ ఆటలో పోటీకి ముందు ప్రతి ఒక్కరినీ కాటా ఎక్కిస్తారు. హద్దు దాటితే ఆ విభాగంలో బరువు ఎత్తనివ్వరు. అంటే వెయిట్‌లిఫ్టింగులో ఓవర్‌వెయిట్ అన్న మాటకి ఒకటే అర్థం, కాటా మీద హద్దు దాటడం. ఆవిడ దాటలేదు. మరి మనం ఏ కాటా మీద తూచాం? పెళ్ళిచూపుల కాటా మీద. స్పెక్ చదవకుండా బగ్గు ఫైల్ చేసిన టెస్టర్ని మనం ఎంత ఏడిపిస్తాం? మనం చేసిందీ అదే.

అసలు 130 కిలోలంటే ఏంటో తెలుసా? క్లీన్ అండ్ జర్క్‌లో ఆవిడ ఎత్తిన బరువది. మన అపార్ట్‌మెంట్లకొచ్చే 25 కిలోల బియ్యం బస్తాలు అయిదు, ఆ పైన ఇంకో అయిదు కిలోలు. ముందు భుజాల దాకా లాగాలి, అక్కణ్ణించి తలమీదకి లేపి చేతులు వంగకుండా నిలబడాలి. స్నాచ్‌లో అయితే మధ్యలో ఆగడాలు లేవు, నేలమీంచి ఒకేసారి తలపైకి. అందులో 110. నేను ఒక్క బస్తా లిఫ్టు దగ్గర్నించి వంటింటికి చేర్చి మూడు రోజులు నడుం పట్టుకుని తిరిగిన మనిషిని.

"ఎంతైనా కంచే కదండీ" అనే బాపతు ఇంకోటుంది. వాళ్ళకి లెక్క చెప్తాను. ఆ రోజు బంగారం గెలిచిన చైనా లిఫ్టర్, వెండి గెలిచిన హంగరీ లిఫ్టర్ ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. తేడా రెండున్నర కిలోలు. మల్లీశ్వరి చివరి ప్రయత్నం 137.5 కిలోలకి. లేచుంటే 247.5తో బంగారం. లేవలేదు. 135 అడిగున్నా 245తో బంగారమే కదా అని కూడికలు వచ్చిన ఎవరికైనా తడుతుంది. ఆ నిర్ణయం మీద వాదించుకుందాం, అది ఆట గురించి వాదన. "అంత లావు పెట్టుకుని ఏం ఎత్తుతుంది" అన్నది మాత్రం ఆట గురించి కాదు.

గెలిచాక మాత్రం "మన తెలుగమ్మాయి". శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టి, ఆముదాలవలసలో పెరిగి, నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న రోజుల్లో మనకి ఆ ఊళ్ళు రైలు కిటికీలోంచి కనబడే బోర్డులు. ఆవిడ స్థిరపడింది హర్యానాలోని యమునానగర్‌లో. 2021లో ఢిల్లీ ప్రభుత్వం తమ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్‌గా పెట్టుకుంది. మనం మెయిల్ ఫార్వార్డులతో సరిపెట్టాం. పాత కథ అంటారా? మత్స సంతోషి పేరు ఎంతమంది విన్నారు? విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. గూగుల్ చేస్తున్నారు కదూ :)

ఇక మొన్నటి గొడవ. మా అమ్మాయి పదో తరగతి. జిమ్ములో బార్‌బెల్ పట్టుకుని రుచి మరిగింది. "నాన్నా, నేను లిఫ్టింగ్ నేర్చుకుంటా, కోచింగుకి పంపు" అంది. మా అమ్మ వెంటనే "మగరాయుడిలా తయారవుతావే, రేపు ఎవడు చేసుకుంటాడు" అంది. మా ఆవిడ నావైపు చూసింది. పాతికేళ్ళ కిందట గర్విస్తున్నా అని మెయిలు కొట్టిన ఈ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? "షటిల్ ఆడుకోవచ్చు కదా తల్లీ."

అది ఏడవలేదు. "షటిలయితే సన్నగా ఉంటాననా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు క్యాంటీన్ టేబులు గుర్తొచ్చింది. అప్పుడు నవ్విన నోరూ ఇప్పుడు షటిల్ అన్న నోరూ ఒకటే. అప్పుడు పరాయి ఆడపిల్ల కాబట్టి జోకు, ఇప్పుడు సొంత కూతురు కాబట్టి సలహా.

"ఆ ఆటలో డోపింగ్ ఎక్కువండీ" అని మీరనబోతున్నారు. నిజమే. ఈ ఆటలో మన దేశం ఆ విషయంలో తలదించుకున్న సందర్భాలున్నాయి. అది భయపడాల్సిన సంగతే. అందుకని కోచ్ ఎవరో, పిల్లకేం ఇస్తున్నారో తల్లిదండ్రులు కన్నేసి చూసుకోవాలి. కానీ నిజం చెప్పండి, మీ అమ్మాయి అడిగినప్పుడు మీకు ముందు గుర్తొచ్చేది డోపింగా, భుజాలు వెడల్పవుతాయనా? నాకైతే భుజాలే.

మన ఆఫీసుల్లో విమెన్స్ డే నాడు స్లైడులో మల్లీశ్వరి ఫోటో పెడతాం, మధ్యాహ్నం కేకు కోస్తాం, సాయంత్రం "ఏంటమ్మా ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశావ్" అని టీమ్‌మేట్‌తో అంటాం. ఆ స్లైడు తీసేయండి, పర్లేదు. ఆ మాట మానేయండి.

శనివారం మా అమ్మాయిని కోచింగులో చేర్పించి వచ్చాను. ఆడవాళ్ళ బార్ ఖాళీగానే 15 కిలోలట. మొదటి నెలంతా దాంతోనే అన్నాడు కోచ్. మా అమ్మ ఇంకా మాట్లాడట్లేదు, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. మీ ఇంట్లో ఎవరైనా అడిగితే షటిల్ అనకండి. నన్ను తిట్టదలచుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టండి, పిల్ల జోలికి మాత్రం రావద్దు.