మావయ్య నార్మల్

మొన్న సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు, అమ్మ బీరువా సర్దుతుంటే మావయ్య ఆస్పత్రి ఫైలు బయటపడింది. ఆయన పోయింది 2016లో. "పారేద్దామా?" అంది అమ్మ. ఓసారి చూసి ఇస్తానని తీసుకున్నాను. అన్నిటికన్నా అడుగున 2010 నాటి రక్తపరీక్ష కాగితం ఉంది. వయసు 55. క్రియాటినిన్ 1.3. ఉండాల్సింది 0.7 నుంచి 1.3. కింద డాక్టరు గారి చేతిరాత: నార్మల్.

నాలుగేళ్ళ తర్వాత మావయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి విశాఖ వెళ్ళేవాడు. వాళ్ళ ఊరు కవిటి దగ్గర, రానూపోనూ నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. నాలుగు గంటలు మిషను మీద, మిగతా రోజంతా రైల్లో. ఒక్కోసారి ఓపిక లేక మధ్యలో మా ఇంట్లో దిగిపోయి, అరుగు మీద అలాగే పడుకుండిపోయేవాడు.

ఉద్దానం గురించి మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటలు. చూడ్డానికి కోనసీమకి చెల్లెల్లా ఉంటుంది. డాక్టర్ టి. రవిరాజు బృందం అక్కడ 2,210 మందిని పరీక్షించి 2019లో ప్రచురించిన లెక్క ప్రకారం 18 శాతానికి పైగా జనానికి కిడ్నీ జబ్బు ఉంది. వాళ్ళలో ఎక్కువమందికి షుగరూ బీపీ లాంటి మామూలు కారణాలేవీ లేవు. నీళ్ళు, ఎండలో పని, పురుగుమందులు, జన్యువులు... అనుమానాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ రుజువు కాలేదు. శ్రీలంకలో అనూరాధపురం వైపు, నికరాగ్వా చెరుకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. మూడు చోట్లా ఎండలో ఒళ్ళొంచి పనిచేసే పేదవాళ్ళే.

సరే, ఫైలు సంగతి. మనకి అలవాటైన రోగం కదా, కాగితంలో నంబరు కనిపిస్తే ఊరుకోం. మావయ్య క్రియాటినిన్ని ఫార్ములాలో వేసి చూశాను. కిడ్నీ ఎంత పనిచేస్తోందో అంచనా కట్టే ఈ-జి.ఎఫ్.ఆర్ ఫార్ములా ఇది. 2009లో వచ్చిన సీకేడీ-ఎపీ ఫార్ములా ప్రకారం 61. అరవై దాటితే సాధారణంగా ఎవరూ కంగారు పడరు.

ఆ ఫార్ములాలో ఒక ఇఫ్ కండిషన్ ఉండేది. మనిషి నల్లజాతి వాడైతే వచ్చిన జవాబుని 1.159తో గుణించాలి. అంటే అదే వయసు, అదే రక్తం, కానీ మావయ్య నల్లజాతి అమెరికన్ అయ్యుంటే 61 కాస్తా 71 అయ్యేది. నల్లవాళ్ళకి కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ తయారవుతుందని దాని వెనక వాదన. దీని ఫలితం ఏమిటంటే, అమెరికాలో కిడ్నీ మార్పిడి వరసలో నిలబడాలంటే ఈ అంకె 20కి దిగాలి. నల్లవాళ్ళ అంకె కాగితం మీద పెద్దదిగా కనబడి, వాళ్ళు వరసలోకి ఆలస్యంగా వచ్చేవాళ్ళు.

ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద ప్రొఫెసర్లు దాన్ని పాఠంగా చెప్పారు. ఎందుకని గట్టిగా అడిగినవాళ్ళలో మెడికల్ స్టూడెంట్లున్నారు, అందులోనూ నల్లజాతి స్టూడెంట్లు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రి 2017లో ఆ గుణకం తీసేసింది. 2021లో అమెరికా నెఫ్రాలజీ సంఘాలు రెండూ కలిసి జాతి ఊసు లేని కొత్త ఫార్ములాకి మారమన్నాయి. 2023 జనవరి నుంచి, పాత లెక్క వల్ల నష్టపోయిన నల్లజాతి పేషెంట్లకి వెయిటింగ్ కాలాన్ని వెనక్కి జరిపి సరిచేయడం మొదలుపెట్టారు. ప్రొడక్షన్లో ఇరవయ్యేళ్ళు నడిచిన బగ్గుని, దానివల్ల దెబ్బతినే యూజర్లు టీములో చేరాక గానీ ఎవరూ బగ్గు అనలేదు.

ఇక్కడిదాకా చదివి నేను సంతోషించి, 2021 ఫార్ములాలో మావయ్య అంకెలు వేశాను. 65 వచ్చింది! అక్కడి తప్పు సరిదిద్దేసరికి ఇక్కడ మావయ్య ఆరోగ్యం ఇంకో నాలుగు మార్కులు పెరిగింది.

ఎందుకంటే ఆ ఫార్ములా బరువు అడగదు. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. మావయ్య నలభై ఎనిమిది కిలోల మనిషి, నెలకోసారి చేపల కూర, మిగతా రోజులు చారూ అన్నం. అంత తక్కువ కండ ఉన్న ఒంట్లో 1.3 ఉందంటే కిడ్నీ అప్పటికే సగం మూలపడి ఉండొచ్చు. ఇలాంటి ఫార్ములాలు మనవాళ్ళ కిడ్నీ పనితనాన్ని ఎక్కువ చేసి చూపిస్తున్నాయని చండీగఢ్ పీజీఐ వాళ్ళు 2018లో చూపించారు. అంతకుముందే 2014లో కరాచీ పరిశోధకులు 2009 ఫార్ములాకి తమ జనం మీద కొలిచి ఒక సవరణ ఇచ్చారు. అందులో వేస్తే మావయ్యకి 53. అంటే అరవైకి కింద. ఆ రోజు ఎవరైనా "మూడు నెలల్లో మళ్ళీ రా" అనుండేవాళ్ళు. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు కాబట్టి, ఆ పరీక్షా ముందుగా పట్టివ్వదు.

ఫార్ములా ఒక్కటే కాదు. విశాఖలో ఓ ఆస్పత్రిలో (పేరెందుకు లెండి) మొదటిసారి చూపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. డాక్టరు గారు తల ఎత్తకుండా "ఆల్కహాల్? పెయిన్ కిల్లర్స్?" అన్నారు. మావయ్య రెండింటికీ అడ్డంగా తల ఊపాడు. అయిపోయింది. సాయంత్రం ఓ హౌస్ సర్జన్ అమ్మాయి వచ్చింది. మందస పిల్ల. మంచం పక్కన కూచుని "ఏటి బాబూ, సెట్టెక్కి దిగినాక నడుం నొప్పికి ఏటి ఏస్తావు?" అంది.

"ఏటుంది తల్లీ, కిల్లీ కొట్టుకాడ రెండు బిల్లలు. దినాం ఏసీసినాను."

"ఎన్నాల్లయ్యింది?"

"మా పెద్దోడు పుట్టకముందు నుండి."

నేను ఎంసీఏ చదివాను, మావయ్య చేతుల్లో పెరిగాను, ఆ సంగతి నాకూ తెలీదు. నొప్పి బిళ్ళలు కిడ్నీకి చేసే చేటు అందరికీ తెలిసిందే, కానీ మావయ్య దృష్టిలో అవి పెయిన్ కిల్లర్స్ కావు, బిల్లలు. ఆ అమ్మాయి అడిగే సరికి కేస్ షీట్లో ఒక లైను చేరింది.

ఇది చెబితే మా ఆఫీసులో మిత్రులు "అయితే మెరిట్ వద్దా?" అని మొదలెడతారు. ఒకప్పుడు నేనూ అదే పాట పాడేవాణ్ణి. ఉద్దానం మనిషి దగ్గర జబ్బు చరిత్ర రాబట్టగలగడం మెరిట్ కాదా అని ఇప్పుడు నా ప్రశ్న. ఎంట్రన్సు పరీక్షలో దానికి మార్కుల్లేవు, అంతే.

నెఫ్రాలజిస్టు అవ్వాలంటే ఎంబీబీఎస్ అయిదున్నరేళ్ళు, ఎం.డి. మూడు, డి.ఎం. మూడు. కొబ్బరికాయలు దింపేవాడి కూతురు అన్నీ మొదటిసారే కొట్టినా ముప్ఫై వస్తుంది. మొదటి మెట్టు మా ఊళ్ళోనే చూడండి. విజయనగరానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023 సెప్టెంబరులో వచ్చింది, 150 సీట్లు. ఎంత సంబరపడ్డామో! తీరా చూస్తే అప్పటి జీవోలో కొన్ని సీట్లు ఏడాదికి 12 లక్షలకి, కొన్ని ఎన్నారై కోటాలో 20 లక్షలకి పెట్టారు. ఎన్నారై అంటే ఎవరండీ? మనమే. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మన అన్నయ్య పిల్లలే. ఆ సీటు కొనగలిగిన పిల్లాడు రేపు పలాసలో ఉంటాడని నేనైతే పందెం కాయను. అన్నట్టు, అమెరికా నెఫ్రాలజిస్టుల్లో సగానికి అటూ ఇటూగా బయటి దేశాల్లో చదివి వెళ్ళినవాళ్ళే. అక్కడి డయాలసిస్ సెంటర్లో తెలుగు డాక్టరు దొరకడం వింత కాదు.

పనేమీ జరగలేదని అనను. డయాలసిస్ పేషెంట్లకి పింఛను 2019లో నెలకి 10,000 చేశారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, అదే రోజు హిరమండలం నుంచి మంచినీళ్ళ పథకం కూడా. ఇవన్నీ మావయ్య కాలంలో ఉంటే రైలు బాధ తప్పేది. కానీ బిల్డింగు సర్వరు లాంటిది. దాన్ని నడిపే మనిషి రాత్రి రెండింటికి కూడా అక్కడే ఉండాలి.

మనిషిని అక్కడ ఉంచడానికి దారులున్నాయి. సూపర్ స్పెషాలిటీలో కుల రిజర్వేషన్లు కుదరవని సుప్రీంకోర్టు 1999లోనే అంది. కానీ తమిళనాడు 2020లో వేరే దారి పట్టింది. ప్రభుత్వ సర్వీసులో పనిచేస్తున్న డాక్టర్లకి ఆ సీట్లలో సగం కేటాయించింది, 2022 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఆ ఏడాదికి అమలు చేసుకోనిచ్చింది. పీహెచ్‌సీలో పదేళ్ళు చేసిన డాక్టరుకి అలా తలుపు తెరుచుకుంటుంది. ఇంకోటి, ఎం.డి., ఎం.ఎస్. చదివేవాళ్ళు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలన్న రూలు 2021 బ్యాచ్ నుంచి ఉంది. రాష్ట్రంలో నెఫ్రాలజీ డి.ఎం. చేసే ప్రతివాళ్ళనీ అలాగే మూడు నెలలు పలాసలో ఎందుకు ఉంచకూడదు? ప్రపంచంలో అంతుపట్టని కిడ్నీ జబ్బున్న మూడు నాలుగు చోట్లలో ఒకటి మన రాష్ట్రంలో ఉంది. దాన్ని చూడకుండా పట్టా తీసుకోవడం, సముద్రం చూడకుండా నేవీలో చేరినట్టు లేదూ?

మావయ్యకి కిడ్నీ ఇస్తానని మొదట ముందుకొచ్చింది అత్త. మన దేశంలో అది మామూలే. ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. 1995 నుంచి 2021 దాకా జరిగిన ముప్ఫై ఆరు వేల పైచిలుకు అవయవ మార్పిడుల్లో వాళ్ళకి అందినవి మాత్రం ఏడు వేలలోపే. డబ్బు సర్దుబాటు కాక ఆ మార్పిడి జరగలేదు. రెండేళ్ళు వారానికి రెండుసార్లు టిఫిన్ డబ్బా పట్టుకుని ఆయన వెంట ఆస్పత్రికి తిరిగింది. అన్ని వందల గంటలు కిడ్నీ డాక్టర్ల గది బయటే కూచున్న మనిషికి ఒక్క రక్తపరీక్ష చేయిద్దామని ఎవరికీ తోచలేదు, నాతో సహా.

ఫైలు చూసిన మర్నాడే కవిటి ఫోన్ చేశాను. అత్తకి ఇప్పుడు అరవై రెండు, బరువు నలభై మూడు. పలాస వెళ్ళి పరీక్ష చేయించుకో అన్నాను. "నాకేటయింది అల్లుడా, బాగానే ఉన్నాను కదా" అంది. క్రియాటినిన్ 1.1 వచ్చింది. కాగితం మీద నార్మల్ అనే ఉంది. నేను ఊరుకోలేదు. మూడు నెలల తర్వాత మళ్ళీ తీసుకెళ్ళమని వాళ్ళ పెద్దాడితో చెప్పాను. కాయ దింపుడు అయ్యాక వెళ్తానంటోంది.