చిన్న కబుర్లే స్నేహాన్ని నిలబెడతాయి



మీ ఫోన్‌లో మీ కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది. వీలైనప్పుడు దాన్ని తెరిచి, గత ఆరు నెలల్లో వచ్చిన మెసేజ్‌లు చూడండి. పుట్టినరోజు శుభాకాంక్షలు, పండగ బొమ్మలు, ఫార్వర్డ్‌లు పక్కన పెడితే మిగిలేవి కొన్నే. ఒకరికి ప్రమోషన్, ఒకరింట్లో గృహప్రవేశం, ఒకరి పెళ్లి పత్రిక, ఇంకొకరి పాపకు వచ్చిన ర్యాంకు. ప్రతిదాని కిందా ఇరవై ముప్పై ‘కంగ్రాట్స్’. ఆ తర్వాత కొన్ని వారాలు ఎవరూ మాట్లాడరు.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. ఆ గ్రూపులో ఏడాదిగా ఒక్క మాట కూడా రాయనివాళ్లు ఎంతమంది ఉన్నారు? చదువుకునే రోజుల్లో వాళ్లేమీ మౌనంగా కూర్చునే రకం కాదు. మరి ఇప్పుడెందుకు మాట్లాడటం లేదు? అక్కడ చెప్పదగ్గ వార్త తమ దగ్గర లేదని వాళ్లలో చాలామంది అనుకుంటున్నారు.

చదువులయ్యాక స్నేహాలు తగ్గిపోవడానికి ఉద్యోగాలు, సంసారాలు, దూరాలు కారణమని చెప్పుకుంటాం. అదీ నిజమే. కానీ నాకు కనిపించే కారణం ఇంకొకటి ఉంది. పెద్ద వార్త ఉంటేనే స్నేహితులకు చెప్పాలి అన్న అలవాటు మనకు పడిపోయింది. ఈ అలవాటు పిల్లలకు ఇంట్లోనే, బడిలోనే అబ్బుతోంది. అందుకే తల్లిదండ్రులు చదివే ఈ పత్రికలో దాని గురించి రాస్తున్నాను.

ఫలితాలు వచ్చిన రోజు

మా బి.ఎడ్. బ్యాచ్ సంగతే చెబుతాను. రెండేళ్ల కోర్సు. రాత్రి పొద్దుపోయేదాకా లెసన్ ప్లాన్లు రాసుకున్నాం. ఒకరి చార్టులు ఒకరం అడిగి తీసుకున్నాం. టీచింగ్ ప్రాక్టీస్‌కి ఒకే ఆటోలో ఇరుక్కుని వెళ్లాం. ఎవరి క్యారియర్‌లో ఏ కూర ఉంటుందో, ఎవరికి పిల్లల ముందు నిలబడగానే గొంతు వణుకుతుందో అందరికీ తెలుసు. అప్పట్లో ఎవరూ ఎవరికీ ‘అప్‌డేట్’ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమే రాలేదు.

కోర్సు అయిపోయాక తలా ఒక దారి పట్టాం. చాలామంది కళ్లు మాత్రం డీఎస్సీ మీదే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున డీఎస్సీ జరిగింది 2025లోనే. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఆ ఫలితం ఎంత పెద్ద విషయమో, మీ ఇంట్లో టీచరు ఉద్యోగానికి చదివినవాళ్లుంటే మీకు తెలుస్తుంది.

ఎంపికైనవాళ్లు గ్రూపులో ఆనందంగా చెప్పారు. చెప్పాలి కూడా. రెండు మూడు రోజులు అభినందనలు నడిచాయి. ఆ మధ్యలోనే ఒకమ్మాయి గ్రూపు నుంచి వెళ్లిపోయింది. ఆమె నంబరు, పక్కన ‘లెఫ్ట్’ అనే చిన్న అక్షరాలు. ఆ కిందనే మళ్లీ కంగ్రాట్స్. ఇప్పుడు పలకరిస్తే పుండు మీద కారం చల్లినట్టవుతుందేమోనని చాలామంది ఆగిపోయారు.

ఒక స్నేహితురాలు మాత్రం ఆమెకు ఫోన్ చేసింది. డీఎస్సీ మాట ఎత్తలేదు. “ఏమే, మీ గేదె ఈనిందా?” అని అడిగింది. అంతకు పది రోజుల ముందు ఫోన్‌లో వాళ్లిద్దరూ ఆ గేదె గురించే మాట్లాడుకున్నారట. నలభై నిమిషాలు గేదె గురించి, దూడ గురించి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. చివర్లో ఆ అమ్మాయి తనంతట తానే చెప్పింది. కొద్ది తేడాలో పోస్టు పోయిందని, ఇంటికొచ్చిన ప్రతి బంధువూ అదే అడుగుతున్నారని, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని. ఆ ఆదివారమే ఈ స్నేహితురాలు బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ మళ్లీ చదువుకుంటోంది.

మిగతావాళ్లకు ప్రేమ లేక కాదు. ఏమని ఫోన్ చేయాలో వాళ్లకు తెలియలేదు. ఆ ఇంట్లో గేదె ఉందని తెలిసినామెకు ఒక మాట దొరికింది. చిన్న కబుర్ల విలువ ఇక్కడే ఉంది. కష్టం వచ్చిన రోజున హఠాత్తుగా ఎవరి తలుపూ తట్టలేం. అప్పుడప్పుడూ వెళ్లొస్తున్న ఇంటికే చొరవగా వెళ్లగలం.

ఫోటోలో కనిపించనివి

మా బ్యాచ్‌లోనే ఇంకొకామె పెళ్లయ్యాక అమెరికా వెళ్లి డాలస్‌లో ఉంటోంది. స్టేటస్‌లో కొత్త కారు, పెద్ద వంటిల్లు, అరుదుగా కురిసిన మంచు. అందరూ ‘సూపర్’ అన్నారు. ఆమె భర్తది హెచ్-1బి వీసా, ఆమెది దాని మీద ఆధారపడిన హెచ్-4. ప్రత్యేకంగా అనుమతి వస్తే తప్ప ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. బి.ఎడ్. చదివి, ప్రాక్టీస్ టీచింగ్‌లో అందరి మెప్పూ పొందిన మనిషి రోజంతా ఒంటరిగా ఇంట్లో ఉంటోంది. వీసా సంగతి ఫోటోలో పడదు కదా. మనకు రాత్రి 9 అయ్యేసరికి వేసవిలో డాలస్‌లో ఉదయం 10:30 అవుతుంది. ఆ వేళకు ఇక్కడ అందరూ పని ముగించుకుని నిద్రకు సిద్ధమవుతుంటారు. “గ్రూపులో అందరూ అదృష్టవంతురాలివి అంటుంటే, నాకు తోచడం లేదని ఎలా చెప్పను?” అని ఆమె అడిగిన మాట నాకు గుర్తుండిపోయింది.

దీనికి పూర్తిగా వేరు మరో మిత్రుడి కథ. అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండల మధ్య బడిలో పనిచేస్తున్నాడు. ఆ ఊళ్లో సిగ్నల్ సరిగా అందదు. ఆదివారం సంతకు దిగినప్పుడు ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు. రెండు నిమిషాలు మించదు. ఈ వారం ఏ పిల్లవాడు కొత్తగా చదవడం మొదలుపెట్టాడు, వానకు ఏ వాగు పొంగింది, తను వండుకున్న పప్పు ఎలా మాడింది. అందులో గొప్ప వార్త ఒక్కటీ ఉండదు. అయినా మా గ్రూపులో అందరూ వినేది ఆ మెసేజే. అతను పెట్టడం మొదలుపెట్టాక ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తమ బడి కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. డాలస్ స్నేహితురాలు కూడా ఒక రోజు అక్కడి గుడిలో ఆదివారం పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నానని చెప్పింది.

పరిశోధనలు చెప్పేది

అమెరికాలోని కేన్సస్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ స్నేహానికి ఎంత సమయం పడుతుందో 2018లో ఒక అంచనా ఇచ్చారు. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు అని చెప్పుకోవడానికి 90 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలట. హాస్టల్లో, తరగతిలో ఆ గంటలు మనకు తెలియకుండానే గడిచిపోతాయి. పట్టా చేతికొచ్చాక ఎవరూ ఆ సమయాన్ని ఉచితంగా ఇవ్వరు. మనమే కేటాయించుకోవాలి.

“ఇన్నేళ్ల తర్వాత ఫోన్ చేస్తే ఏదో అవసరం పడి చేశాడనుకుంటారేమో” అన్న మొహమాటం చాలామందికి ఉంటుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెగ్గీ లియు బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం దీని గురించే. 5,900 మందికి పైగా పాల్గొన్న ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, మన పలకరింపును అవతలివాళ్లు ఎంత ఇష్టపడతారో మనం తక్కువగా అంచనా వేస్తున్నాం. అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే వాళ్లకు ఇంకా ఎక్కువ సంతోషమట. కాబట్టి ఆ మొహమాటం అనవసరం.

మరి మంచి వార్త చెప్పుకోకూడదా?

చెప్పుకోవాలి. కష్టపడి సాధించినది స్నేహితులకు కాక ఇంకెవరికి చెబుతాం? స్నేహితుడి ఉద్యోగం గురించి మూడోవాళ్ల ద్వారా తెలిస్తే మనకే బాధగా ఉంటుంది. పెద్ద వార్తలు చెప్పడంలో తప్పు లేదు. అవి తప్ప ఇంకేమీ చెప్పుకోకపోవడంతోనే ఇబ్బంది. ప్రమోషన్ గురించి చెప్పిన మనిషే మరో రోజు కొత్త ఆఫీసులో ఎవరూ మాట్లాడటం లేదని కూడా చెబితే, వినేవాడికి తన మాట చెప్పుకోవడానికి ధైర్యం వస్తుంది.

అందరికీ అన్నీ చెప్పుకోవాలని కూడా నేననడం లేదు. యాభై మంది ఉన్న గ్రూపులో ఇంటి కష్టాలు పరచుకోనక్కర్లేదు. నలుగురైదుగురితో నిజమైన రాకపోకలుంటే చాలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. స్నేహితుల విషయంలో మాత్రం వాళ్లు అడిగేదాకా మనం ఆగకూడదు.

ఈ అలవాటు ఎక్కడ మొదలవుతుంది?

సాయంత్రం బిడ్డ బడి నుంచి రాగానే మనం అడిగే ప్రశ్నలు ఒకసారి గుర్తు చేసుకుందాం. “టెస్ట్‌లో ఎన్ని వచ్చాయి?” ఆ వెంటనే, “మీ ఫ్రెండ్‌కి ఎన్ని వచ్చాయి?” ఆ ఫ్రెండ్ గురించి ఇంట్లో జరిగే సంభాషణ అంతే అయితే, స్నేహితుడంటే ఒక మార్కు అని బిడ్డకు అర్థమవుతుంది. తనకు తక్కువ వచ్చిన రోజున ఆ స్నేహితుడికే ముఖం చాటేస్తుంది. పేపర్లు ఇచ్చిన రోజున అప్పటిదాకా ఒకే బెంచీలో కూర్చున్న పిల్లలు ఎడమొహం పెడమొహంగా కూర్చోవడం తరగతిలో నేను చూస్తూనే ఉంటాను. పదేళ్ల తర్వాత గ్రూపు నుంచి మౌనంగా వెళ్లిపోవడం ఇదే అలవాటుకు కొనసాగింపు.

పదో తరగతి వీడ్కోలు రోజున పిల్లలు స్లామ్ బుక్కులు రాసుకుంటారు. తెల్ల చొక్కాల మీద సంతకాలు చేసుకుంటారు. ఎప్పటికీ మరిచిపోమని రాస్తారు. జూన్ వచ్చేసరికి ఒకరు ఒక ఊళ్లో, ఇంకొకరు ఇంకో ఊళ్లో రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉంటారు. చేతిలో ఫోన్ ఉండదు. వారానికొకసారి ఇంటికి మాట్లాడే కొద్ది నిమిషాలు కూడా వీక్లీ టెస్ట్ మార్కులతోనే గడిచిపోతాయి. ఇంటర్ ఆ వయసు పిల్లలకు బరువైన రెండేళ్లు. అమ్మానాన్నలకు చెప్పలేనిది పాత స్నేహితుడికి చెప్పగలిగే వయసు కూడా అదే. సరిగ్గా అప్పుడే ఆ దారి మూసుకుపోతోంది.

“స్నేహాలంటూ తిరిగితే చదువు పాడవదా?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. గంటల తరబడి చాటింగ్ వద్దన్న మాటతో నేనూ ఏకీభవిస్తాను. నేనడుగుతున్నది నెలకు ఒక అరగంట.

మనం చేయగలిగినవి

పిల్లల్ని స్నేహితుల గురించి అడిగేటప్పుడు మార్కుల జోలికి వెళ్లకుండా ఒక ప్రశ్న అడగండి. “మీ ఫ్రెండ్ వాళ్ల తాతయ్యకు ఒంట్లో బాగైందా?” లాంటిది. తెలియకపోతే, రేపు కనుక్కుని రమ్మనండి.

బడి మారిన, ఊరు మారిన స్నేహితుడితో నెలకొకసారి మీ ఫోన్ నుంచే మాట్లాడించండి. పదో తరగతి పిల్లలుంటే, నలుగురు స్నేహితుల ఇంటి చిరునామాలు, తల్లిదండ్రుల నంబర్లు ఒక నోటుబుక్కులో ఇప్పుడే రాయించి పెట్టండి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఒక్క పూటైనా కలుసుకోనివ్వండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీ స్నేహితులతో మీరు మాట్లాడటం పిల్లలు చూడాలి. మీ బ్యాచ్‌లో ఏడాదిగా మాట్లాడనివారిలో ఒకరిని ఎంచుకోండి. జీతం, ఇల్లు, పిల్లల ర్యాంకులు అడగకండి. మీ ఇంట్లో ఈ వారం జరిగిన ఏదో ఒక చిన్న కబురు మీరే ముందు చెప్పండి. ఆవకాయ ఉప్పు ఎక్కువైన సంగతైనా సరే. రెండో నెల మళ్లీ చేసినప్పుడు, మొదటిసారి వాళ్లు చెప్పినదాన్ని గుర్తుపెట్టుకుని అడగండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు గురించి ఎలాగూ మాట్లాడుకుంటాం. ఆ రోజు మీరు ఎవరికి ఫోన్ చేశారో, ఏం కబుర్లు చెప్పుకున్నారో కూడా ఒక్క నిమిషం నాకు చెప్పండి. మీ పిల్లలు పక్కనే ఉండగా చెబితే ఇంకా మంచిది.